కంప్యూటర్ లేకపోయినా పాట ఆగదు!
రికార్డర్, లూపర్, ఎఫెక్ట్స్ పెట్టె... ఇవి చాలు మొదలుపెట్టడానికి

‘మంచి ల్యాప్‌టాప్ కొనాలి, సాఫ్ట్‌వేర్ కొనాలి, సౌండ్ కార్డు కొనాలి. అప్పుడు కదా మ్యూజిక్ చేసేది!’ మీరూ ఇలాగే అనుకుంటున్నారా? ఏలూరులో డిగ్రీ చదువుతున్నా, తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చేస్తున్నా, కైకలూరు పక్కన చెరువుల మధ్య ఊరి నుంచి రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్తున్నా... పాట మీద ఇష్టం ఉండి, చేతిలో కంప్యూటర్ లేక ఆగిపోయినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆగాల్సిన పనిలేదు. కంప్యూటర్ అవసరం లేకుండా రికార్డర్లు, ఎఫెక్ట్స్ పరికరాలతోనే పాట తయారుచేసే పద్ధతి ఒకటుంది. పాతదే. ప్రపంచంలో చాలామంది ఇప్పుడు కావాలని మళ్లీ దాని దగ్గరికే వెళ్తున్నారు. అందులో వచ్చే నైపుణ్యం రేపు ఉద్యోగానికీ పనికొస్తుంది. ఎలాగో చూద్దాం.

మన దగ్గర ఇది కొత్తేం కాదు

మీ ఊరి జాతరలోనో, పెళ్లిలోనో ఆర్కెస్ట్రా స్టేజీని ఈసారి కాస్త దగ్గరికెళ్లి చూడండి. కీబోర్డు ప్లేయర్ ముందు యమహానో, కార్గో ఉంటుంది. పక్కన ప్యాడ్స్ వాయించే కుర్రాడి ముందు రోలాండ్ ఆక్టోప్యాడ్. సింగర్ గొంతుకు ఎకో పెట్టేది మిక్సర్‌లోని ఎఫెక్ట్స్. మూడు నాలుగు గంటల ప్రోగ్రామ్ కంప్యూటర్ లేకుండా నడిచిపోతుంది. తబలా, డోలక్, డప్పు, మృదంగం అన్నీ ఆ ప్యాడ్లలోంచే వస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో చర్చికి వెళ్లినా ఇదే సరంజామా కనిపిస్తుంది. వారం వారం అక్కడ వాయిస్తూనే చేయి తిరిగిన కుర్రాళ్లు ఎందరో. అంటే హార్డ్‌వేర్ సంగీతం మన జిల్లాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. మనం దాన్ని ఒక కెరియర్ దారిగా చూడలేదంతే.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల పాడిన రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి, వాయించేవారు. ఎవరో ఒకరు తప్పు చేస్తే అందరూ మళ్లీ మొదట్నుంచే. ‘తర్వాత సరిచేసుకోవచ్చులే’ అనే మాటే లేదు. అందుకే రికార్డింగ్‌కి ముందు రిహార్సల్ అంత గట్టిగా జరిగేది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి 2023లో ఆస్కార్ అందుకునేదాకా వచ్చిన తెలుగు సినీ సంగీతానికి ఆ క్రమశిక్షణే పునాది.

నాలుగు ట్రాకులతో ఏమవుతుంది?

చాలా అవుతుంది! బీటిల్స్ 1967లో తెచ్చిన ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల టేప్ మెషీన్ల మీదే చేశారు. ట్రాకులు నిండిపోతే వాటిని కలిపి మరో మెషీన్‌లో ఒక ట్రాకుకు కుదించి, మిగతావాటిలో కొత్త వాద్యాలు చేర్చేవారు. దీన్నే ‘బౌన్స్’ అంటారు. 1979లో ‘పోర్టాస్టూడియో’ వచ్చింది. మామూలు ఆడియో క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసే చిన్న పెట్టె అది. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఇంట్లో దాని మీద కొన్ని పాటలు పాడి పెట్టుకున్నాడు. బృందంతో మళ్లీ పెద్ద స్టూడియోలో చేద్దామనుకున్నాడు. చేసి చూస్తే ఇంట్లో పాడినవే బాగున్నాయి. చివరికి ఆ క్యాసెట్టే 1982లో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదలైంది.

అదే 1982లో ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినీ వాద్యకారుడు రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్, బాస్ మెషీన్, ఒక సింథసైజర్ పెట్టుకుని పది రాగాలను డిస్కో బీటు మీద వాయించాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. హౌస్ మ్యూజిక్ పుట్టకముందే అలాంటి శబ్దం చేసిన మనిషి మన దేశంలో ఉన్నాడా అని!

ఈ ముగ్గురి దగ్గరా మనం నేర్చుకునేది ఒక్కటే. పరికరం తక్కువైనప్పుడు ముందే నిర్ణయం తీసుకోవాలి. కంప్యూటర్‌లో వంద ట్రాకులు పెట్టుకోవచ్చు కాబట్టి నిర్ణయాలు వాయిదా పడతాయి. సగం చేసిన పాటలు ఫోల్డర్లలో పేరుకుపోతాయి. నాలుగే ట్రాకులుంటే? గొంతు ఒకటి, తాళం ఒకటి, వాద్యం ఒకటి, ఇంకొకటి మిగులు. పాట పూర్తవుతుంది. పూర్తి చేసిన పాటే మీ పోర్ట్‌ఫోలియో. ఇంటర్వ్యూలో వినిపించేది దాన్నే.

కిట్‌లో ఏముండాలి?

అన్నీ ఒకేసారి కొనొద్దు. ఈ వరుసలో వెళ్లండి.

* చేతి రికార్డర్: జూమ్, టాస్కామ్ వంటి కంపెనీలవి దొరుకుతాయి. లోపలే స్టీరియో మైకులు ఉంటాయి, మెమరీ కార్డు మీద రికార్డవుతుంది. చాలా మోడళ్లు మామూలు బ్యాటరీలతో నడుస్తాయి. కరెంటు పోయినా పని ఆగదు. ఫోన్‌లోనూ రికార్డు చేయొచ్చు కదా అంటారా? మొదటివారం చేయండి. కానీ చాలా ఫోన్లు శబ్దం ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచి వాటంతటవే సర్దేస్తాయి. డప్పు దెబ్బ పడగానే పాట నలిగిపోయినట్టు వినిపించేది అందుకే.

* మల్టీట్రాక్ రికార్డర్: ఒక ట్రాకు వింటూ ఇంకో ట్రాకు రికార్డు చేసుకునే పెట్టె. ఇదే మీ స్టూడియో. కండెన్సర్ మైకు వాడాలనుకుంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తుందో లేదో చూసి కొనండి.

* లూపర్: మీరు వాయించిన ముక్కను పట్టుకుని తిప్పి తిప్పి వినిపించే పెడల్. దాని మీద మరో ముక్క, దాని మీద ఇంకొకటి. ఒక్కరే బృందం అయిపోవచ్చు.

* ఎఫెక్ట్స్: మొదట రెండు చాలు. డిలే, అంటే శబ్దాన్ని కాసేపాగి మళ్లీ పలికించేది. రివర్బ్, అంటే గదిలోనో, గుడి మండపంలోనో పాడినట్టు చేసేది.

* మంచి హెడ్‌ఫోన్స్: చెవులు పూర్తిగా మూసేవి. మైకులోకి శబ్దం కారిపోకూడదు.

ఇంకో జాగ్రత్త. కొల్లేరు చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ. పరికరాలను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ప్రతి నాబ్ తిప్పి, ప్రతి సాకెట్‌లో వైరు పెట్టి, ఐదు నిమిషాలు రికార్డు చేసి విన్నాకే డబ్బులివ్వండి.

లెక్క వస్తే సగం పని అయిపోయినట్టే

‘మ్యూజిక్‌లో లెక్కలేంటి?’ అనుకోకండి. ఉద్యోగంలో అడిగేవి ఇవే.

డిలే ఎంత పెట్టాలి? 60,000ను పాట వేగంతో భాగించండి. నిమిషానికి 100 దెబ్బల పాటైతే 600 మిల్లీ సెకన్లు. 120 అయితే 500. అలా పెడితే ప్రతిధ్వని సరిగ్గా తాళం మీద పడుతుంది. లేదంటే గజిబిజి.

లూప్ ఎంత పొడవు? ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు. నిమిషానికి 80 వేగంలో ఒక్కో దెబ్బ 0.75 సెకను, కాబట్టి ఆవర్తనం 6 సెకన్లు. లూపర్ ఎనిమిదో దెబ్బ తర్వాత, మళ్లీ సమం పడే క్షణంలో నొక్కాలి. అర సెకను ఆలస్యమైనా ఆ తప్పు తిరిగి తిరిగి వినిపిస్తూనే ఉంటుంది. తాళం తప్పితే వెంటనే పట్టిచ్చే గురువు ఇదే!

కార్డు ఎంత కావాలి? 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో రికార్డింగ్‌కు సెకనుకు 2,88,000 బైట్లు. గంటకు ఒక జీబీ పైచిలుకు. 32 జీబీ కార్డులో సుమారు 30 గంటలు పడుతుంది. మీటరు ముల్లు సున్నాను తాకనివ్వకండి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. సున్నా దాటి పగిలిన శబ్దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం.

మైదానంలో వెనక స్పీకర్లకు ఎంత ఆలస్యం? ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. స్టేజీకి 34 మీటర్ల వెనక పెట్టిన స్పీకర్‌కు సుమారు 100 మిల్లీ సెకన్ల డిలే ఇవ్వాలి. ఇవ్వకపోతే వెనక కూర్చున్నవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ఇది తెలిసిన కుర్రాడికి, వైర్లు మోసే కుర్రాడికి కూలీలో తేడా ఉంటుంది.

ఈసీఈ, ఈఈఈ వాళ్లకు ఇక్కడ ఇంకో అవకాశం ఉంది. డిలే పెడల్ అంటే ఏంటి? శాంపిల్స్‌ను మెమరీలో పెట్టి కాసేపాగి బయటకు పంపడమే. 48 కిలోహెర్ట్జ్‌లో 600 మిల్లీ సెకన్లు అంటే 28,800 శాంపిల్స్. 16 బిట్ మోనో అయితే 57,600 బైట్ల మెమరీ. మైక్రోకంట్రోలర్ మీద దీన్ని ఫైనలియర్ ప్రాజెక్టుగా చేయొచ్చు. నెట్‌లో కొన్న ప్రాజెక్టు రిపోర్టు కంటే, ఇంటర్వ్యూ టేబుల్ మీద పెట్టి ‘వినండి సర్’ అని వినిపించే పెట్టె వెయ్యి రెట్లు మేలు. ఎంబెడెడ్ సిస్టమ్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ ఉద్యోగాలకు ఇదే పునాది.

కొల్లేరే మీ స్టూడియో

పెద్ద నగరాల్లో సౌండ్ చేసేవాళ్లకు లేనిది మీ దగ్గర ఒకటుంది. శబ్దం! ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో పొద్దున్నే వినిపించే సందడి, ఉప్పుటేరు మీద పడవ తెడ్డు చప్పుడు, చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరియేటర్ల లయ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర డప్పులు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో పాట పాడే కేకలు, ఏలూరు తివాచీ మగ్గం మీద దువ్వెన దెబ్బలు. వీటిలో ఏ ఒక్కటీ ఏ సాఫ్ట్‌వేర్ ప్యాక్‌లోనూ దొరకదు.

ఏరియేటర్ చప్పుడును పది సెకన్లు రికార్డు చేసి లూపర్‌లోకి పంపండి. అదే మీ తాళం. దాని మీద డిలే పెట్టిన వేణువో, అమ్మమ్మ పాడే వరినాట్ల పాటో వేయండి. ఎవరి దగ్గరా లేని పాట మీ దగ్గర ఉంటుంది.

అయితే హద్దులు తెలియాలి. కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం. 2002 నుంచి రామ్‌సర్ గుర్తింపు ఉన్న చిత్తడి నేల. అటవీశాఖ వాళ్లను అడిగే లోపలికి వెళ్లండి. గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు. పక్షుల కూతలు స్పీకర్‌లో వినిపించి వాటిని రప్పించే పని అసలే చేయొద్దు. మైకు మీద గాలి కొట్టకుండా బొచ్చు తొడుగు తప్పనిసరి. కొల్లేటి గాలికి అది లేకుండా ఒక్క నిమిషం కూడా పనికొచ్చే రికార్డింగ్ రాదు.

సంపాదన ఎక్కడ?

నిజం మాట్లాడుకుందాం. ‘ఆల్బమ్ చేస్తా, నెట్‌లో పెడతా, డబ్బులొస్తాయి’ అనే లెక్క చాలామందికి కుదరదు. డబ్బు పాటలో కంటే పాట చుట్టూ ఉన్న పనుల్లో ముందు కనిపిస్తుంది.

* లైవ్ సౌండ్: పెళ్లిళ్లు, జాతరలు, కాలేజీ ఫెస్టులు. మైక్‌సెట్ వాళ్ల దగ్గర ఒక సీజన్ పనిచేస్తే పుస్తకంలో లేనిది నేర్చుకుంటారు. వైర్లు చుట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్షలుంటాయి. అనుమతుల సంగతి తెలిసినవాడిని ఏ ఈవెంట్ వాళ్లైనా నమ్ముతారు.

* లొకేషన్ సౌండ్: షార్ట్‌ఫిల్మ్‌లు, వెబ్ సిరీస్‌లు, డాక్యుమెంటరీలకు షూటింగ్ స్థలంలోనే మాటలు రికార్డు చేయాలి. ఇది ఈరోజుకీ హార్డ్‌వేర్ రికార్డర్ పనే. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి వచ్చింది ఈ విద్యలోంచే.

* వాద్యకారుడు: కీబోర్డు, ప్యాడ్స్ మీద పట్టుంటే ఆర్కెస్ట్రాలు, చర్చి కార్యక్రమాలు, పద్యనాటకాల వాళ్లు పిలుస్తారు.

* రేడియో, పాడ్‌కాస్ట్: 1948 నుంచి నడుస్తున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మనకు రైలెక్కితే దగ్గరే. ఆకాశవాణిలో సంగీత కళాకారులకు ఆడిషన్లుంటాయి. గ్రేడు వస్తే ఆ పేరుకు విలువ ఉంటుంది.

* జానపద రికార్డింగ్: హరికథ, బుర్రకథ, కోలాటం, పడవ పాటలు తెలిసినవాళ్లు మీ చుట్టూ పెద్ద వయసులో ఉన్నారు. వాళ్లతో పాటే ఆ పాటలూ పోతాయి. వీటిని శుభ్రంగా రికార్డు చేయగలవాళ్లు పరిశోధకులకు, డాక్యుమెంటరీ వాళ్లకు కావాలి.

ఒక్క మాట. ఇవన్నీ నెల జీతాలు కావు. మూఢాలు వస్తే పెళ్లిళ్ల పని ఉండదు. అందుకే డిగ్రీ వదిలేసి రమ్మని ఇక్కడెవరూ చెప్పడం లేదు. చదువుతో పాటు వారానికి ఎనిమిది గంటలు పెట్టండి. ఏడాది తర్వాత మీకే తెలుస్తుంది, ఇది వృత్తా, రెండో ఆదాయమా, సరదానా అని. మూడింటిలో ఏదైనా నష్టం లేదు.

ఎక్కడ చదవాలి?

పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సులు ఉన్నాయి. డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలన్న నిబంధన ఉంటుంది కాబట్టి ఎంపీసీ, బైపీసీ వాళ్లకు దారి తెరిచే ఉంది. నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ జాగ్రత్తగా చదవండి. గాత్రం, వాద్యం గట్టిగా నేర్చుకోవాలంటే విజయవాడలో ఘంటసాల ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. అక్కడ ఉన్నది యంత్రాల చదువు కాదు, చెవి చదువు. యంత్రం ఎవరైనా కొంటారు, శ్రుతి తప్పినప్పుడు పట్టుకునే చెవి కొనలేరు.

డబ్బు పెట్టే ముందు...

నాన్న చెరువు లీజుకు దాచిన డబ్బు అడిగి పరికరాలు కొనాలనుకుంటున్నారా? ఆగండి. ముందు అద్దెకు తెచ్చుకోండి, స్నేహితులు నలుగురు కలిసి ఒక రికార్డర్ కొనుక్కోండి. మూడు పనులు చేసి, మూడుసార్లు డబ్బు చేతికొచ్చాక అప్పుడు సొంతంగా కొనండి. సౌండ్ సర్వీస్‌గా వ్యాపారం పెట్టేంత నమ్మకం కుదిరితే ముద్రా రుణాల గురించి బ్యాంకులో అడగండి. శిశు విభాగంలో రూ.50 వేల వరకు, కిశోర్‌లో రూ.5 లక్షల వరకు ఇస్తారు. అది సబ్సిడీ కాదు, అప్పు. ఈఎంఐ పెళ్లిళ్ల సీజన్ చూసుకుని ఆగదు.

హక్కుల సంగతి కూడా తెలుసుకోండి. ఒక పాటలో సాహిత్యానికి, బాణీకి, రికార్డింగ్‌కు వేర్వేరు హక్కులుంటాయి. సినిమా పాటను మీ గొంతుతో పాడినంత మాత్రాన అది మీదైపోదు. పాడినవాళ్లకూ మన చట్టంలో హక్కుంది, అది 50 ఏళ్లు ఉంటుంది. అందుకే ఊళ్లో పెద్దాయన పాట రికార్డు చేస్తే ముందే ఆయన్ను అడగండి, ఏం చేస్తారో చెప్పండి, ఒక కాగితం రాసుకోండి, పేరు వేయండి, డబ్బు వస్తే వాటా ఇవ్వండి. ‘ఏముందిలే తాతా’ అని ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లిపోవడం పద్ధతి కాదు.

30 రోజుల ప్లాన్

* మొదటి వారం: రోజుకో శబ్దం రికార్డు చేయండి, చేతిలో ఫోనున్నా సరే. తేదీ, చోటు, మైకు ఎంత దూరంలో పెట్టారో నోటు పుస్తకంలో రాయండి.
* రెండో వారం: ఒక తాళం లూప్, దాని మీద ఒక స్వరం. రోజుకు అరగంట.
* మూడో వారం: నాలుగు ట్రాకుల పాట. గొంతును ఎఫెక్ట్ లేకుండా రికార్డు చేసి, వినేటప్పుడు మాత్రమే రివర్బ్ కలపండి. రికార్డింగ్‌లోనే కలిపేస్తే తర్వాత తీయలేరు.
* నాలుగో వారం: పాట పూర్తిచేయండి. బస్సులో, ఆటో స్పీకర్‌లో, హెడ్‌ఫోన్స్‌లో మూడు చోట్లా వినండి. మూడింటిలో మాట స్పష్టంగా వినిపిస్తే మిక్స్ కుదిరినట్టే.

కంప్యూటర్ అసలే వద్దా అంటే, వద్దనడం లేదు. సినిమా మిక్సింగ్, ఎడిటింగ్ దగ్గరికి వెళ్లేసరికి అది నేర్చుకోవాల్సిందే. కానీ మైకు ఎక్కడ పెట్టాలి, ఎంత లెవెల్ ఉంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలిసినవాడు ఏ సాఫ్ట్‌వేర్ దగ్గర కూర్చున్నా నెలలో అందుకుంటాడు. అవి తెలియనివాడికి ఎంత ఖరీదైన కంప్యూటరిచ్చినా పగిలిన శబ్దం పగిలినట్టే ఉంటుంది. రేపు పొద్దున మీ ఊరి చెరువు గట్టు దగ్గర ఒక్క నిమిషం రికార్డు చేసి వినండి. అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.